సగం దారిలో కలుసుకుందాం!

అమ్మానాన్నలు నల్గొండలో, పాలమూరులో. పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో. మధ్యలో ఐరోపా. మూడు తరాలూ కలిసి ఓ పదిరోజులు అక్కడ గడపాలంటే... అట్లాంటిక్ మీద చవక టికెట్ దొరికేదెలా?

"నాయినా, ఈసారి మీరు అమెరికా రావద్దు, మేం ఇండియా రాం. నడిమిట్ల కలుద్దాం... పారిస్‌ల!"

డాలస్ నుంచి కూతురు ఫోన్లో ఆ మాట అందనుకోండి. నల్గొండలో ఉన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు ముందు నవ్వేస్తారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఫ్రెంచి విప్లవం పాఠం చెప్పినాయనకు పారిస్ అంటే పుస్తకంలో ఉండే ఊరు. పక్కనే ఉన్న భార్యకు వచ్చే సందేహం వేరు. "ఎన్ని పైసలైతయి బిడ్డా?"

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడల్లోనూ ఇటు మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాలల్లోనూ అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు కొదవలేదు. పిల్లలు వద్దామంటే సెలవులుండవు. పెద్దలు పోదామంటే వీసా రాదు. మనవరాలు ఫోన్ తెరమీదే పెరుగుతుంటుంది. అలాంటివాళ్లకు ఈ 'నడిమిట్ల' ఆలోచన తమాషాగా ఏమీ అనిపించదు. గ్లోబు మీద దారం పెట్టి కొలిచి చూడండి. హైదరాబాద్ నుంచి పారిస్ సుమారు ఏడున్నర వేల కిలోమీటర్లు. డాలస్ నుంచి పారిస్ ఎనిమిది వేలకు కాస్త తక్కువ. నిజంగానే సగం దారి!

ఖర్చు మాత్రం సగం సగం కాదు. ఇటు నుంచి వెళ్లేది ఇద్దరైతే అటు నుంచి వచ్చేది భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు... నాలుగు టికెట్లు. రెండేళ్లు నిండిన పిల్లలకు సీటు కొనాల్సిందే. ఒక్కో సీటు మీద వంద డాలర్లు తగ్గితే నాలుగు వందలు మిగిలినట్టు. అందుకే ఈ ప్రయాణం లెక్క తేలేది శంషాబాద్‌లో కాదు, అట్లాంటిక్ మీద.

పక్క సీటాయన ఎంతకు కొన్నాడో!

సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి వెళ్లే ప్రైవేటు బస్సు టికెట్ సంగతి మనకు తెలిసిందే. అదే బస్సు, అదే సీటు, అదే డ్రైవరు. పండుగ రెండు రోజులుందనగా ధర మాత్రం ఆకాశంలో ఉంటుంది. విమానాలదీ అదే తంతు. కాకపోతే అక్కడ ఆ పని చేసేది కంప్యూటరు.

ఒకే విమానంలో ఎకానమీ సీట్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ సంస్థ వాటిని పది పన్నెండు రకాల ధరలుగా విడగొడుతుంది. ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లిషు అక్షరం. చవక అక్షరంలో కొన్నే సీట్లు. అవి అయిపోతే తర్వాతి ధర. ఆ పైన ఇంకోటి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1977లో 'సూపర్ సేవర్' పేరుతో, మళ్లీ 1985లో ఇంకాస్త పదునుపెట్టి ఈ పద్ధతిని అమల్లో పెట్టాక, మిగిలిన సంస్థలన్నీ అదే బాట పట్టాయి. ఖాళీగా ఎగిరే సీటును తక్కువకైనా అమ్ముకోవాలి. ఆఫీసు పనిమీద ఆఖరి నిమిషంలో వచ్చే ప్రయాణికుడి దగ్గర ఎక్కువ రాబట్టుకోవాలి. ఉపాయమంతా ఇంతే.

ఇందులో ఓ కిటుకుంది. నలుగురికి కలిపి ఒకేసారి వెతికితే, చవక ధరలో రెండు సీట్లే ఉన్నప్పుడు చాలా సైట్లు నాలుగింటికీ పై ధరే చూపిస్తాయి. ఒకసారి నలుగురికి, ఇంకోసారి ఇద్దరికి వెతికి చూస్తే తేడా బయటపడుతుంది. అయితే విడివిడిగా కొన్నప్పుడు పిల్లలు తల్లి పక్కన పడతారన్న భరోసా లేదు. ఆ సంగతి సంస్థతో మాట్లాడి తేల్చుకున్నాకే కొనాలి.

ఇక 'మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక' లాంటి మాటలు చాలా వినిపిస్తాయి. వాటిని నమ్మి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. టికెట్ ఏ వారం కొన్నారన్నదానికన్నా విమానం ఏ వారం ఎక్కుతున్నారన్నదే ముఖ్యం. శుక్ర, శని, ఆదివారాలు వదిలి వారం మధ్యలో బయల్దేరితే ధర తగ్గే అవకాశం ఎక్కువ.

లేకర్ గారి ఆకాశ రైలు

అట్లాంటిక్ దాటడం ఒకప్పుడు ధనవంతుల వ్యవహారం. విమానయాన సంస్థలన్నీ తమ సంఘం 'ఐయాటా' సమావేశాల్లో కూర్చుని, ఎవరూ తగ్గించకుండా ఛార్జీలు ఖరారు చేసుకునేవి. ఆ సంఘంలో చేరకుండా పక్కనుంచి దూరింది ఐస్‌లాండ్‌కు చెందిన లాఫ్ట్‌లీడిర్ అనే చిన్న సంస్థ. దాని విమానాలు నెమ్మదిగా వెళ్లేవి. మధ్యలో ఐస్‌లాండ్‌లో ఆగేవి. కానీ టికెట్ తక్కువ. జోలె సంచులతో ఐరోపా తిరగడానికి బయల్దేరిన అమెరికా కుర్రకారంతా అదే ఎక్కడంతో దానికి 'హిప్పీ ఎయిర్‌లైన్' అని పేరొచ్చింది. దాని వారసురాలే ఇప్పటి ఐస్‌లాండ్ ఎయిర్.

అసలు సంచలనం మాత్రం ఫ్రెడ్డీ లేకర్‌ది. 1977 సెప్టెంబరు 26న ఆయన 'స్కైట్రెయిన్' లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు ఎగిరింది. టికెట్ 59 పౌండ్లు! ముందస్తు రిజర్వేషన్ లేదు. రైల్వే స్టేషన్లో జనరల్ టికెట్‌కు నిలబడ్డట్టు క్యూలో నిలబడి కొనుక్కోవాలి. భోజనం కావాలంటే డబ్బులు వేరే. జనం పోటెత్తారు. మరుసటి ఏడాదే బ్రిటన్ ప్రభుత్వం ఆయనకు 'సర్' బిరుదిచ్చింది. పెద్ద సంస్థలు తామూ ధరలు తగ్గించి పోటీకి దిగాయి. అప్పులు పెరిగాయి. 1982 ఫిబ్రవరి 5న లేకర్ సంస్థ మూతపడింది.

నలభై ఏళ్ల తర్వాతా కథ మారలేదు. ఐస్‌లాండ్‌కే చెందిన 'వావ్ ఎయిర్' అతి చవక టికెట్లతో ఊరించి, 2019 మార్చి 28న ఉన్నట్టుండి మూతపడింది. ప్రయాణికులు ఎక్కడివాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. 'నార్వేజియన్' 2021 జనవరిలో దూరప్రాంత విమానాలకు స్వస్తి చెప్పింది. మరీ చవకగా కనిపించే టికెట్‌ను క్రెడిట్ కార్డుతోనే కొనమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. సంస్థ చేతులెత్తేస్తే ఆ డబ్బు కోసం కార్డు బ్యాంకును అడగడానికి కాస్త ఆధారముంటుంది.

బతుకమ్మకీ క్రిస్మస్‌కీ మధ్య

తేదీల దగ్గరే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా అమెరికా అంతా ఐరోపా మీద పడుతుంది. టికెట్ ధర చలికాలంతో పోలిస్తే రెట్టింపైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. పిల్లల బడులు అప్పుడే మూసేస్తారు కాబట్టి మనవాళ్లూ అందులోనే పడతారు.

ఇక్కడే డాలస్‌కూ న్యూజెర్సీకీ తేడా. టెక్సస్‌లో చాలా బడులకు మే చివర్లోనే సెలవులిస్తారు. న్యూజెర్సీలో జూన్ రెండో సగం దాకా ఆగాలి. అంటే డాలస్ కూతురు మే ఆఖరి వారంలోనో జూన్ మొదట్లోనో రద్దీకి ముందే బయల్దేరగలదు. ఇక్కడి పెద్దలకూ అది మేలే. నల్గొండలో ఎండలు మండిపోయే రోజుల్లో పారిస్‌లో చల్లగా ఉంటుంది!

ఇంకో వారం ఉంది... చాలామంది గమనించనిది. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. అమెరికన్లకది మన దసరా లాంటిది. ఎక్కడున్నా సొంతూరికి చేరతారు. దాంతో దేశంలోపలి విమానాలు కిక్కిరిసిపోతాయి. ఐరోపాకు వెళ్లేవాళ్లు మాత్రం తక్కువ. టెక్సస్‌లో చాలా బడులకు ఆ వారమంతా సెలవే. ఉద్యోగులకూ ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. ఆ వారం అట్లాంటిక్ టికెట్ వేసవితో పోలిస్తే బాగా దిగుతుంది. హోటళ్లూ అంతే. అయితే పారిస్‌లో అప్పటికి సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది. చలి సరేసరి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను దృష్టిలో పెట్టుకుంటే రోమ్, లిస్బన్ నయం.

పిల్లలు బడికి వెళ్లే వయసు రాకపోతే ఈ బాధే లేదు. జనవరి, ఫిబ్రవరి ఎటూ చవకే.

పారిస్ చూడాలంటే పారిస్‌లోనే దిగాలా?

అక్కర్లేదు. ఐరోపాలో ఓ ఊళ్లో దిగి ఇంకో ఊరి నుంచి తిరిగి వెళ్లే టికెట్‌ను 'ఓపెన్ జా' అంటారు. రోమ్‌లో దిగి, రైళ్లలో తిరుగుతూ పారిస్ చేరి, అక్కడి నుంచి విమానమెక్కితే మళ్లీ రోమ్‌కు రావాల్సిన పని తప్పుతుంది. దీన్ని రెండు విడి టికెట్లుగా కొంటే చాలాసార్లు మోతే. సైట్లలో 'మల్టీ సిటీ' అన్నచోట వెతికితే మామూలు రానుపోను టికెట్‌కు దగ్గర ధరలోనే దొరుకుతుంటుంది.

ఆగి వెళ్లే సౌకర్యం మరో దారి. ఐస్‌లాండ్ ఎయిర్ తమ దేశంలో ఏడు రోజుల దాకా, పోర్చుగల్ సంస్థ 'టాప్' పది రోజుల దాకా మధ్యలో ఆగినా టికెట్ ధర పెంచని పథకాలను నడిపాయి. లిస్బన్ మీదుగా పారిస్‌కు టికెట్ కొంటే రెండు దేశాలు చూసినట్టే. మాడ్రిడ్ మీదుగానూ విమానాలు చాలానే ఉన్నాయి. ఉమ్మడి నల్గొండ జిల్లావాళ్లకు ఆ ఊరి పేరు గుర్తుండే ఉంటుంది. 2021 డిసెంబరులో మన భూదాన్ పోచంపల్లికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం పురస్కారం ఇచ్చింది అక్కడే.

లండన్ సంగతి మాత్రం జాగ్రత్త. అక్కడికి వెళ్లే టికెట్ చవకగానే కనిపిస్తుంది. అక్కడి నుంచి బయల్దేరేటప్పుడే ఉంది అసలు దెబ్బ. బ్రిటన్ ప్రభుత్వం విమాన ప్రయాణికుల మీద వేసే సుంకం 2025 ఏప్రిల్ నుంచి అమెరికాకైనా ఇండియాకైనా ఎకానమీలో ఒక్కొక్కరికి 90 పౌండ్లయింది. ఎకానమీలో వెళ్లే పదహారేళ్లలోపు పిల్లలకు అది లేదు. ఒకే టికెట్‌పై లండన్‌లో విమానం మారి అదే రోజు ముందుకు వెళ్లిపోయేవాళ్లకూ ఉండదు. అన్నిటికన్నా పెద్ద ఖర్చు వీసా. ఈఫిల్ టవర్‌తోపాటు లండన్ గడియార స్తంభం కూడా చూడాలంటే ఒక్కొక్కరికి రెండు వీసాలు. గడియార స్తంభమే చూడాలనుకుంటే నల్గొండ నడిబొడ్డున మనకూ ఒకటుంది!

అన్నిటికన్నా ప్రమాదకరమైంది 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' టికెట్. రెండు వేర్వేరు సంస్థల టికెట్లను అతికించి, మొత్తం తక్కువంటూ కొన్ని సైట్లు చూపిస్తాయి. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోతే ఎవరూ జవాబుదారీ కారు. సామాను బయటకు తీసుకుని మళ్లీ అప్పజెప్పాలి. అందుకోసం ఆ దేశంలోకి అడుగుపెట్టాలి... అంటే దాని వీసా ఉండాలి. అదే ఒకే టికెట్‌పై ఐరోపా సమాఖ్య దేశం నుంచి బయల్దేరితే, టికెట్ ఎంత చవకదైనా, సంస్థ తప్పువల్ల ఆలస్యమైనప్పుడు 600 యూరోల దాకా పరిహారం అడిగే హక్కుంది.

టికెట్ కన్నా ముందు స్టాంపు

ఇంత వెతికి, ధర బాగుందని వెంటనే కొనేస్తే? చాలా ఇళ్లలో డబ్బు పోయేది ఇక్కడే.

అమెరికా వీసా కోసం తెలుగువాళ్లు ఒకప్పుడు చెన్నై దాకా వెళ్లి క్యూలో నిలబడేవారు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ వచ్చాక ఆ తిప్పలు తప్పాయి. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది. కరోనా తర్వాత మాత్రం విజిటర్ వీసా ఇంటర్వ్యూకు దేశంలోని చాలాచోట్ల రెండేళ్లకు పైగా వేచి చూడాల్సిన రోజులొచ్చాయి. అమ్మానాన్నలను ఐరోపాకు రమ్మనే ఆలోచన చాలామందికి తట్టింది అలాంటప్పుడే.

ఇందులో పిల్లల వైపు ఒక పెద్ద చిక్కుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ల పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరి ఉంటే, అమెరికాలో ఉండి ఉద్యోగం చేసుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ ఒక్కసారి ఐరోపాకు వచ్చారంటే, కొత్త స్టాంపు లేకుండా తిరిగి వెళ్లలేరు. 'ఐరోపాలోనే వేయించుకుందాం' అనే దారీ ఇరుకైపోయింది. సొంత దేశంలోనో, నివాసముంటున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని 2025 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. ఆ లెక్కన పదిరోజుల విహారం నెలల ఎడబాటుగా మారొచ్చు. ఉద్యోగానికే ఎసరు రావొచ్చు. కాబట్టి ఈ ప్రయాణం గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు, స్టాంపు గడువు మిగిలి ఉన్నవాళ్లకే. మిగిలినవాళ్లు ఎంత చవక టికెట్ కనిపించినా కన్నెత్తి చూడకపోవడం మేలు.

ఇక షెంజెన్ వీసా. ఒక్క స్టాంపుతో 29 దేశాలు తిరగొచ్చు. పెద్దలు హైదరాబాద్‌లో, పిల్లలు అమెరికాలో... ఎవరు ఉంటున్న చోట వాళ్లు దరఖాస్తు చేసుకోవాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరునెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు. అనుమానమొస్తే 45 రోజులు. అపాయింట్‌మెంటు దొరకడానికి పట్టే సమయం దీనికి అదనం. మాస్టారి విషయంలో పెన్షన్ కాగితాలు, ఇంటి పత్రాలు, బ్యాంకు పుస్తకం, కూతురి ఆహ్వాన లేఖ... తిరిగి వచ్చేస్తారన్న నమ్మకం కలిగించేవన్నీ పెట్టాలి.

దరఖాస్తుకు రిజర్వేషన్ కాగితం చాలు. డబ్బు వెనక్కిరాని టికెట్ కొని చూపించాలని నిబంధనేమీ లేదు. వీసా రాకపోతే ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. పెద్దల వీసా చేతికొచ్చేదాకా పిల్లల టికెట్లు కూడా రద్దు చేసుకునే వీలున్నవే కొనడం క్షేమం. అవి కాస్త ఎక్కువే. కానీ నాలుగు టికెట్లు మునగడం కన్నా ఆ తేడా చిన్నది. అమెరికాలో ఒక నిబంధన ఇక్కడ పనికొస్తుంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు నేరుగా విమాన సంస్థ దగ్గర కొంటే, 24 గంటల్లోపు పైసా కోత లేకుండా రద్దు చేసుకోవడానికో, డబ్బు కట్టకుండా ఆ ధరకే టికెట్ అట్టిపెట్టడానికో సంస్థ ఒప్పుకోవాలి. మంచి ధర కనిపించినప్పుడు టికెట్ పట్టేసి, భర్తకు సెలవు దొరుకుతుందో లేదో కనుక్కోవడానికి ఆ ఒక్కరోజు చాలు.

నెయ్యి సీసా ఆగిపోతుంది

ఇటువైపు పని తేలిక. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైనప్పటి నుంచి పాలమూరువాళ్లకు విమానం గుమ్మంలోకి వచ్చినట్టే. మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు హైదరాబాద్ ఊళ్లోకి అడుగుపెట్టకుండానే దిగిపోవచ్చు. అచ్చంపేట, కల్వకుర్తివాళ్లకు తుక్కుగూడ దారి. నల్గొండవాళ్లు చిట్యాల, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే సరి. బేగంపేట రోజుల్లో ఒక్కరు అమెరికా వెళ్తుంటే సాగనంపడానికి రెండు సుమోల నిండా జనం వచ్చేవారు.

గల్ఫ్ మీదుగా వెళ్లేవి, లండన్‌కు నేరుగా ఎగిరేవి చాలా ఏళ్లుగా ఉన్నవే. వాటికి తోడు 2024 జనవరిలో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్‌కు, 2025 సెప్టెంబరులో కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరుగా విమానాలు మొదలుపెట్టాయి. పోటీ పెరిగితే ధర దిగుతుందన్నది లేకర్ కాలం నాటి సూత్రమే. భాష రాని పెద్దలకు ఒక్కసారే విమానం మారే దారి చూడాలి. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ సాయం కావాలని రాయిస్తే అదనపు రుసుము ఉండదు. మనవాళ్లలో చాలామంది అది అడిగేది నడవలేక కాదు. పెద్ద విమానాశ్రయంలో దారి తప్పకుండా చేయి పట్టుకుని తీసుకెళ్లే మనిషి కోసం!

సామాను దగ్గర అలవాటు మార్చుకోవాలి. అమెరికా అనగానే మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు అనే లెక్క మన ఇళ్లలో నాటుకుపోయింది. ఐరోపా టికెట్‌లో చాలాసార్లు ఒక్క పెట్టే ఇస్తారు. అట్లాంటిక్ వైపు అన్నిటికన్నా చవకగా ఉండే 'బేసిక్' టికెట్‌లో పెట్టే ఉండకపోవచ్చు. దానికి డబ్బు కడితే పై తరగతి టికెట్‌తో సమానమవుతుంది. ధరలు పోల్చేటప్పుడు పెట్టెతో కలిపి పోల్చకపోతే మోసపోయినట్టే.

ఆ ఒక్క పెట్టెలో అమ్మ ఏం సర్దుతుందో చెప్పనక్కర్లేదు. సకినాలు, గారెలు, పచ్చళ్లు. అక్కడి దాకా ఫర్వాలేదు. కానీ బయటి దేశాల నుంచి పాలు, మాంసంతో చేసినవి వెంట తేవడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. మనవరాలి కోసం కాచిన నెయ్యి సీసా, పాలకోవా, మటన్ పచ్చడి... ఏది దొరికినా కస్టమ్స్‌వాళ్లు తీసి పారేస్తారు. అవి ఇంట్లోనే తినేసి బయల్దేరడం ఉత్తమం.

చివరగా ఒక్కరోజు సంగతి. అట్లాంటిక్ దాటే విమానాలు ఎక్కువగా రాత్రి బయల్దేరి మర్నాడు పొద్దున ఐరోపాలో దిగుతాయి. హైదరాబాద్ నుంచి వెళ్లేవి ఏ వేళకు చేరతాయన్నది మారే దారిని బట్టి ఉంటుంది. ఇద్దరూ ఒకే రోజు దిగేలా టికెట్లు చూస్తే, డాలస్ విమానం ఆలస్యమైనప్పుడు అమ్మానాన్నలు కొత్త ఊళ్లో ఎవరూ లేక నిలబడిపోవాల్సి వస్తుంది. అందుకే సోమవారం టికెట్ చవకగా ఉన్నా, మన మాస్టారి కూతురు ఆదివారం విమానమే ఎంచుకుంటుంది. నాలుగు సీట్లకూ కలిపి తేడా ఎంతో లెక్కేసి, ఓ పూట హోటల్ ఖర్చు దానికి కలిపి, భర్తకు చూపించి మరీ. మంగళవారం మధ్యాహ్నం వీల్‌చెయిర్ నెట్టుకుంటూ ఎవరో బయటకు తీసుకొచ్చేసరికి, అడ్డుకమ్మీకి ఇవతల మనవరాలు నిలబడి ఉండాలి కదా!